హాస్టల్లో మొదటి రంజాన్: సహరీ, మెస్, గేటు టైమింగులు ఎలా సర్దుకోవాలి?

కర్నూలు_ఫస్టియర్

అస్సలాము అలైకుం. మిగతా అన్నలకు, అక్కలకు నమస్కారం.

బీటెక్ ఫస్టియర్. విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న ఒక కాలేజీ హాస్టల్. ఇల్లు కర్నూలు. ఇంటికి దూరంగా ఇదే మొదటి రంజాన్. 2027లో ఫిబ్రవరి 9 ప్రాంతంలో మొదలవుతుందంటున్నారు, అంటే సరిగ్గా సెకండ్ సెమిస్టర్ నడుస్తుండగా.

ఇక్కడి పరిస్థితి: టిఫిన్ 7.30, లంచ్ 12.30, డిన్నర్ 7.30 నుంచి 9. గేటు 8.30కి మూస్తారు, 9కి బయోమెట్రిక్. కెటిల్, ఇండక్షన్ స్టవ్ రెండూ నిషేధం. ఫ్రిజ్ లేదు. రూములో నలుగురం, రోజా (ఉపవాసం) ఉండేది నేనొక్కడినే. బ్లాక్ మొత్తం మీద పది పన్నెండు మందిమి ఉంటాం. మసీదు ఒకటిన్నర కిలోమీటరు దూరం. మంగళవారం, గురువారం మధ్యాహ్నం వర్క్‌షాప్, ల్యాబ్.

అడగాలనుకున్నవి: సహరీకి (రోజా మొదలయ్యే ముందు తెల్లవారుజామున తినే తిండికి) వంట లేకుండా ఏం తినాలి? తరావీహ్‌కి (రంజాన్ రాత్రుల్లో చదివే ప్రత్యేక నమాజుకి) బయటకు వదులుతారా, ఎవరిని ఎలా అడగాలి? నిద్ర ఎలా సర్దుకోవాలి? "ధైర్యంగా ఉండు" లాంటివి ఇంట్లో చెబుతూనే ఉన్నారు, చేయాల్సిన పనులు చెప్పండి.

మెస్_కమిటీ_సీనియర్

వ అలైకుం అస్సలాం తమ్ముడూ. పగటి ఆకలికి నాలుగైదు రోజుల్లో ఒళ్లు అలవాటు పడిపోతుంది. నీ టైమింగుల్లో అసలు గండం సాయంత్రం 6 నుంచి 9 దాకా. లెక్క చూడు. ఇఫ్తార్ 6.10. మగ్రిబ్ నమాజు అయ్యేసరికి 6.30. మెస్ తెరిచేది 7.30. మసీదులో ఇషా జమాత్ (రాత్రి సామూహిక నమాజు) 7.45కి ఉంటే 7.20కల్లా గేటు దాటాలి. తరావీహ్ అయి నడిచొచ్చేసరికి 9.15 అవుతుంది. డిన్నరూ పోయింది, గేటూ పోయింది, బయోమెట్రిక్కూ పోయింది. కొత్తవాళ్లు మొదటి వారంలో ఖర్జూరాలు, బిస్కెట్లతో పడుకునేది ఇందుకే.

కాబట్టి నెలవంక కనబడేదాకా ఆగొద్దు. కనీసం రెండు వారాల ముందు లెటర్ వెళ్లాలి. అందరూ కలిసి ఒక్కటే లెటర్. పదిమంది పది రకాలుగా అడిగితే ఆఫీసులో అన్నీ ఒక మూలన పడతాయి. కింద టేబుల్ గీసి పేరు, రోల్ నంబర్, రూమ్ నంబర్, అమ్మదో నాన్నదో ఫోన్ నంబర్, సంతకం పెట్టండి. పైన మూడు విషయాలే అడగండి.

ఒకటి, రోజా ఉన్నవాళ్లకు డిన్నర్ 6.45కి. 7.30కి వడ్డించాలంటే అన్నం, పప్పు 6.30కే దిగిపోతాయి, అందుకని వంటవాళ్లకు అదనపు పనేమీ లేదు. చపాతీ ఆ వేళకు కాకపోవచ్చు, దానికోసం పట్టుబట్టొద్దు.

రెండు, సహరీ. "మాకు వేరుగా వండండి" అంటే ఏ మెస్ కాంట్రాక్టరూ ఒప్పుకోడు. ఇడ్లీ ఉన్న రోజుల్లో మొదటి వాయి 4.40కి దించమని అడగండి. నాలుగైదు వందల మందికి టిఫిన్ చేసే చోట ఇడ్లీ స్టీమర్ ఎలాగూ చీకటితోనే వెలిగిస్తారు. పిండి రాత్రే రుబ్బి ఉంటుంది, వాయి ఉడకడానికి పది పన్నెండు నిమిషాలు. పని అరగంట ముందుకు జరుగుతుంది, అంతే. పూరీ, దోసె, ఉప్మా రోజుల్లో ఇది కుదరదు. ఆ రోజులకు ఎవరి డబ్బా మీద వాళ్ల రూమ్ నంబర్ రాసి సాయంత్రం మెస్‌లో ఇచ్చి వెళ్లండి, 9కి మూసేలోపు నింపి ఉంచుతారు.

మూడు, రాత్రి 7.15 నుంచి 9.30 దాకా ఔటింగ్, బయోమెట్రిక్ 9.40కి. దీనికి సెక్యూరిటీ దగ్గర విడిగా ఒక రిజిస్టర్ పెట్టమని మీరే సూచించండి. అందరూ కలిసి వెళ్లి కలిసి రావాలి. ఒకడు టీ కొట్టు దగ్గర ఆగి 10కి వచ్చాడంటే మర్నాటి నుంచి అందరికీ బంద్.

లంచ్ తినడం లేదు కదా, డబ్బులు తగ్గించమని మాత్రం లెటర్‌లో రాయకండి. మెస్ బిల్లు మాట ఎత్తగానే లెటర్ అకౌంట్స్ సెక్షన్‌కి పోతుంది, అక్కడి నుంచి తిరిగొచ్చేసరికి పండగ అయిపోతుంది. లంచ్‌కి బదులు సహరీకి పెరుగు, అరటిపండు, పాలు అడగండి. అది మెస్ సూపర్‌వైజర్ స్థాయిలోనే తేలిపోతుంది.

వార్డెన్ సరే అనకపోతే లెటర్ కాపీ ప్రిన్సిపాల్‌కి ఇచ్చెయ్యండి.

పాత_వార్డెన్

పై సమాధానంలో చివరి వాక్యం తప్ప మిగతాదంతా సరైనదే. వార్డెన్ "చూద్దాం" అన్నాడంటే కాదన్నట్టు కాదు బాబూ. గేటు టైమింగ్ మార్చే అధికారం చాలా హాస్టళ్లలో వార్డెన్‌కి ఉండదు, చీఫ్ వార్డెన్‌ది. అతన్ని దాటుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళితే కాగితం మళ్లీ "వార్డెన్ అభిప్రాయం రాయండి" అని అతని బల్ల మీదికే వస్తుంది. మొదటి నుంచే "త్రూ వార్డెన్, టు చీఫ్ వార్డెన్" అని రాసి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. వారం గడిచాక ఆ కాపీ పట్టుకుని ఒకసారి గుర్తు చేస్తే చాలు.

యాజమాన్యానికి ఉండే భయం ఒక్కటే: రాత్రిపూట బయటికెళ్లిన పిల్లాడికి ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది తామే కదా. అందుకే లెటర్‌తో పాటు తల్లిదండ్రుల అంగీకారం జతచేయండి. నాన్నగారు రాసి సంతకం పెట్టిన కాగితం ఫొటో తీసి పంపినా చాలాచోట్ల ఒప్పుకుంటారు. మసీదు పేరు, ఎంత దూరం, నడిచి వెళతారా ఆటోలోనా, ఏ సీనియర్ బాధ్యత తీసుకుంటాడు అన్నవి కూడా రాయండి. ఇవి లేని లెటర్‌కి సంతకం పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి ఆడదు.

ఔటింగ్ అసలు కుదరదన్నారనుకోండి. అప్పుడు స్టడీ హాలో, టీవీ రూమో రాత్రి 8 నుంచి 9 దాకా ఇమ్మని అడగండి. ఇది దాదాపు ఎవరూ కాదనరు. టెర్రస్ అడగొద్దు. హాస్టళ్లలో టెర్రస్‌కి తాళం వేసేదానికి వేరే కారణాలుంటాయి.

ఇంకోటి. ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులకు రంజాన్‌లో ఓ గంట ముందు వెళ్లే వెసులుబాటు ఇస్తుంటుంది, 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఇచ్చాయి. దాన్ని చూపించి క్లాసులో ముందే వదలమని అడిగే పిల్లలుంటారు. ఆ ఉత్తర్వు ఉద్యోగులకే, ప్రైవేటు కాలేజీ విద్యార్థులకు వర్తించదు.

హాఫిజ్_కాదు_కానీ

టీవీ రూములో తరావీహ్ చదువుకోవాల్సి వస్తే హాఫిజ్ (ఖురాన్ మొత్తం కంఠస్థం వచ్చినవారు) ఉండి తీరాలని ఏమీ లేదు. అలం తర కైఫ నుంచి సూరె నాస్ వరకు సరిగ్గా పది సూరాలు (ఖురాన్ అధ్యాయాలు). రకాత్‌కి (నమాజులో ఒక్కో వరుసకి) ఒకటి చొప్పున రెండుసార్లు తిరిగితే ఇరవై రకాత్‌లు పూర్తి. ఇరవయ్యా ఎనిమిదా అన్న చర్చ ఈ థ్రెడ్‌లో మొదలుపెట్టకండి, దండం పెడతా.

ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. కర్నూలు నుంచి అమ్మ పంపే టైంటేబుల్ అక్కడ పనికిరాదు. విజయవాడ కర్నూలుకి రెండున్నర డిగ్రీలకు పైగా తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే నీకు తెల్లవారేదీ పొద్దుగూకేదీ దాదాపు పది నిమిషాలు ముందు. కర్నూలు టైము చూసుకుని సహరీ తింటే పది నిమిషాలు ఎక్కువ తిన్నట్టు, ఆ రోజా పోయినట్టే. హైదరాబాద్ టైంటేబుల్‌తోనూ ఇదే గొడవ, అక్కడ ఎనిమిది తొమ్మిది నిమిషాల తేడా.

ఫోన్ యాప్‌లో లొకేషన్ ఒక్కటే చూస్తే సరిపోదు. లెక్కగట్టే పద్ధతి అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మన దగ్గర మసీదులు ఎక్కువగా అనుసరించేది కరాచీ పద్ధతి, ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజు వేళకి) సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కింద ఉన్నట్టు లెక్క. కొన్ని యాప్‌లలో ఉత్తర అమెరికా పద్ధతి ముందే పెట్టి ఉంటుంది, దానిది 15 డిగ్రీలు. దానితో సహరీ ముగింపు దాదాపు పన్నెండు నిమిషాలు ఆలస్యంగా చూపిస్తుంది. యాప్ సెట్ చేశాక మీ మసీదు గోడ మీది కార్డుతో పోల్చి చూడు, తేడా వస్తే కార్డునే నమ్ము. ఆ ప్రాంతంలో సుమారుగా: నెల మొదట్లో సహరీ ముగింపు 5.20, ఇఫ్తార్ 6.08. నెలాఖరుకి 5.08, 6.16. రోజా నిడివి పన్నెండు ముప్పావు గంటలతో మొదలై పదమూడు గంటలు దాటుతుంది. మే నెల రోజాలతో పోలిస్తే ఇవి చాలా తేలిక.

పోషణ_గుంటూరు

కెటిల్ ఎందుకు వద్దంటారో తెలిస్తే దొంగచాటుగా వాడాలనిపించదు. మామూలు కెటిల్ 1500 వాట్లు, అంటే ఆరున్నర ఆంపియర్లు. రూములో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. అదే లైన్ మీద ఇంకో రూము కెటిల్ కూడా వెలిగిందంటే తెల్లవారుజామున 4.30కి వింగ్ మొత్తం చీకటి. ఎవరి రూము నుంచో వెతుక్కుంటూ రావడం వార్డెన్‌కి పెద్ద పనేం కాదు.

వంట లేకుండా సహరీకి అన్నిటికన్నా నమ్మకమైనది తోడుపెట్టిన పెరుగన్నం. పెరుగు కలిపినది కాదు, రాత్రి తోడుపెట్టి తెల్లారేసరికి తోడుకున్నది. డిన్నర్‌లో అప్పుడే వండిన అన్నం ఒకటిన్నర కప్పు తీసుకుని గరిటెతో మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు ఒక కప్పు పోసి, చెంచాన్నర పెరుగు కలిపి స్టీలు డబ్బాలో మూత పెట్టండి. డబ్బా మూడొంతులకు మించి నింపొద్దు. ఫిబ్రవరి రాత్రి ఏడెనిమిది గంటల్లో చక్కగా తోడుకుంటుంది, పులవదు. ఇది చెడేది మూడు కారణాలకు. పాలు పొగలు కక్కుతుండగా పోస్తే తోడు చచ్చిపోతుంది, పొద్దునకు అన్నం నీళ్లోడుతూ ఉంటుంది. మధ్యాహ్నం మిగిలిన అన్నం వాడితే అప్పటికే అందులో సూక్ష్మజీవులు పెరిగి ఉంటాయి, కడుపు పాడవుతుంది. ఏసీ గదిలోనో ఫ్యాను కిందో పెడితే తోడుకోదు, తువ్వాలు చుట్టి బీరువాలో పెట్టండి. ఉప్పు పొద్దున కలుపుకోండి. ఆవకాయ జోలికి మాత్రం పోవద్దు, మధ్యాహ్నం 12కే నాలుక పిడచగడుతుంది.

పప్పు, సాంబారు, కొబ్బరి వేసిన కూరలు రాత్రి డబ్బాలో పెట్టి తెల్లవారుజామున తినొద్దు. చపాతీ అయితే పొడిగా ఉంటే ఆగుతుంది, అరటిపండుతోనో పల్లీల ముద్దతోనో తినొచ్చు. కారప్పొడి వద్దు.

రెండో దారి లీటరు ఫ్లాస్కు. డిన్నర్ వేళ మెస్‌లో వేడినీళ్లు పట్టుకోవాలి. ముందు ఫ్లాస్కును కొంచెం వేడినీళ్లతో తొలిచి పారబోసి, తర్వాత నింపితే తెల్లవారుజాముకు కూడా పొగలొస్తాయి. ఫ్లాస్కులో పాలు పోసి ఉంచకండి, ఆ గోరువెచ్చదనంలో గంటల తరబడి ఉండి విరుగుతాయి. వేడినీళ్లు విడిగా, పాలపొడి విడిగా. పలచటి అటుకులు ఒక కప్పు, పాలపొడి మూడు చెంచాలు, వేడినీళ్లు, ఒక అరటిపండు. పక్కన గుప్పెడు పుట్నాలు. యాభై గ్రాముల పుట్నాల్లో పది గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, ఆకలిని చాలాసేపు ఆపుతాయి. మెస్‌లో ఇడ్లీ దొరికే రోజు నాలుగు ఇడ్లీలు, ఒక గుడ్డు, పెరుగు. బిస్కెట్లు, బ్రెడ్-జామ్‌తో సహరీ చేస్తే 10 గంటల క్లాసులోనే నీరసం మొదలవుతుంది.

ఖర్జూరం సంగతి: రోజుకు మూడు చొప్పున నెలకు తొంభై, మనిషికి కిలో సరిపోతుంది. కీమియా లాంటి మెత్తటి నల్ల ఖర్జూరం ఫ్రిజ్ లేకపోతే పులుస్తుంది. ఆరిన రకం తీసుకుని గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి, లేదంటే చీమలు మీకన్నా ముందే ఇఫ్తార్ చేస్తాయి.

నీళ్లు. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా పావు లీటరు గ్లాసులతో పది: ఇఫ్తార్‌కి రెండు, డిన్నర్‌తో ఒకటి, మసీదుకి తీసుకెళ్లే అరలీటరు సీసా, పడుకునేలోపు రెండు, సహరీకి మూడు. ఆ మూడూ లేచిన దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా తాగాలి. అజాన్‌కి రెండు నిమిషాల ముందు లీటరు నీళ్లు గటగటా తాగితే ఒంటికి పట్టేది తక్కువ, 7లోపు చాలావరకు బయటికే పోతాయి. రాత్రి ఆర్వో మెషీన్ ఆపేసే హాస్టళ్లున్నాయి, రెండు లీటర్ల సీసా పడుకునే ముందే నింపి పెట్టుకోండి.

టీ అలవాటున్న పిల్లలకు మొదటి రెండు మూడు రోజాల్లో వచ్చే తలనొప్పి ఆకలిది కాదు, టీ మానేసినందుకు. వారం ముందు నుంచే రెండ్రోజులకో కప్పు చొప్పున తగ్గించి, మిగిలిన ఒక్క కప్పును రాత్రికి మార్చుకుంటే అది రాదు. సహరీలో టీ తాగొద్దు, దానివల్ల మూత్రం ఎక్కువ పోతుంది.

ఇఫ్తార్‌కి సమోసాలు, మిర్చి బజ్జీలు, ఆ పైన బిర్యానీ వరుసగా దిగితే తరావీహ్‌లో రుకూకి వంగినప్పుడు తెలిసొస్తుంది ఏం చేశారో. ఖర్జూరం, నీళ్లు, పండు తిని మగ్రిబ్ చదువుకుని, ఆ తర్వాత అన్నం. ఫిబ్రవరికి పుచ్చకాయలు దిగుతాయి, నాలుగు కిలోల కాయ పదిమందికి వస్తుంది. బూందీ, బజ్జీ వారానికి ఒకరోజు పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు.

కళ్లు తిరగడం, వాంతులు, ఉదయం నుంచి మూత్రమే రాకపోవడం: వీటిలో ఏది ఉన్నా రోజా విడవండి. షుగరు ఉన్నవాళ్లు రంజాన్‌కి ముందే డాక్టర్‌తో మాట్లాడి మందుల వేళలు మార్చుకోవాలి. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ రోజుకి ఆపేయాల్సిందే. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదు, ఆ అనుమానంతో పరీక్ష మానేయొద్దు.

రూమ్మేట్_రాజమండ్రి

రోజా ఉండని రూమ్మేట్ల తరఫున నాలుగు మాటలు. 4.20కి అలారం పెట్టి స్నూజ్ చేస్తూ పోతే రూములో ముగ్గురూ లేస్తారు, నువ్వు తప్ప. ఫోన్‌ని వైబ్రేషన్‌లో దిండు కింద పెట్టుకో, లేదా వైబ్రేషన్ ఉన్న చేతి బ్యాండ్. ట్యూబ్‌లైటు వేయొద్దు, చిన్న టేబుల్ ల్యాంప్ గోడవైపు తిప్పి పెట్టుకో. స్టీలు డబ్బా మూతలు, ప్లాస్టిక్ కవర్ల చప్పుడు రాత్రి పూట ఎంత వినిపిస్తాయో చెప్పలేను. కావాల్సినవన్నీ ఒక బ్యాగులో సర్దుకుని కారిడార్‌లోనో మెస్ దగ్గరో తినడం మేలు. పదిమంది ఉన్నారు కాబట్టి ఒకే చోట కూడితే నిద్ర లేపుకోవడం కూడా తేలిక.

మొదటి రోజే చెప్పెయ్: "మీరు నా ముందు తింటే నాకేం ఇబ్బంది లేదు." లేకపోతే పాపం వాళ్లు చిప్స్ ప్యాకెట్టు పట్టుకుని బాత్రూమ్ పక్కన తింటుంటారు.

కర్నూలు_ఫస్టియర్

అందరికీ షుక్రియా. యాప్‌లో చూస్తే నిజంగానే 15 డిగ్రీలు ఉంది, మార్చేశాను. మిగిలిన అనుమానం వర్క్‌షాప్, మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పరీక్షలు), నిద్ర. సహరీ తర్వాత పడుకోవాలా, చదువుకోవాలా?

ఈసీఈ_ఫైనలియర్

వర్క్‌షాప్ మాట ముందు. ఫిట్టింగ్‌లో హాక్సా, ఫైలు పట్టి మూడు గంటలు నిలబడే పని రోజాతో మధ్యాహ్నం 2కి మొదలైతే ఒళ్లు హూనమవుతుంది. మినహాయింపు అడగొద్దు, రాదు, వచ్చినా రికార్డు, అటెండెన్సు మిగిలిపోతాయి. బ్యాచ్ మార్పు అడుగు. సెక్షన్‌ని రెండు మూడు బ్యాచ్‌లుగా విడగొడతారు కదా, ఉదయం వర్క్‌షాప్ ఉన్న బ్యాచ్‌లోని ఒకరితో నెల రోజులకు మార్చుకుంటామని ఇద్దరూ సంతకం పెట్టి ల్యాబ్ ఇన్‌చార్జికి ఇవ్వండి. అది దొరక్కపోతే కనీసం వెల్డింగ్, బ్లాక్‌స్మితీ లాంటి వేడి ట్రేడ్‌లు రంజాన్ ముందో తర్వాతో వచ్చేలా వరుస మార్చమని అడుగు. ట్రేడ్‌ల వరుస చాలావరకు ఇన్‌స్ట్రక్టర్ చేతిలోనే ఉంటుంది.

నిద్ర గురించి చాలామంది "ఫజర్ తర్వాత పడుకో" అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. రాత్రి 10.15కి పడుకుని 4.20కి లేస్తే ఆరు గంటలు. ఫజర్ అయ్యేసరికి 5.45. కడుపులో తిండి, ఒంట్లో నీళ్లు ఉండి, బుర్ర పనిచేసే గంట రోజు మొత్తంలో అదే. మ్యాథ్స్, సర్క్యూట్స్ లాంటి లెక్కలు అప్పుడు చెయ్యి. 6.45 నుంచి 8 దాకా పడుకో. టిఫిన్ లేదు కాబట్టి ఆ సమయం నీదే. తిన్న వెంటనే వాలిపోతే గుండెల్లో మంట కూడా. మధ్యాహ్నం లంచ్ గంటలో జొహర్ (మధ్యాహ్నం నమాజు) చదువుకుని ఇరవై నిమిషాలు కునుకు, అలారం పెట్టి. అలారం లేకుండా పడుకుంటే 3 గంటల పీరియడ్ దాకా లేవవు, అటెండెన్సు 75 శాతం లెక్కలో ఆ పీరియడ్‌లే కొడతాయి. థియరీ, రికార్డులు, అసైన్‌మెంట్లు సాయంత్రం 4.30 తర్వాత పెట్టుకో. ఆ వేళ కొత్త చాప్టర్ మొదలెట్టినా ఎక్కదు.

అసలు శత్రువు రాత్రి 9.30 నుంచి 1 దాకా ఫోను, కబుర్లు. "ఎలాగూ సహరీకి లేవాలి కదా, ఇక పడుకోవడం ఎందుకు" అని మొదలవుతుంది. మూడో రోజుకే సహరీ తప్పిపోతుంది, ఆ తర్వాత క్లాసులు తప్పుతాయి. చివరి పది రాత్రుల్లో మేల్కోవాలనుకుంటే శనివారం రాత్రి మేలుకో, ఆదివారం పగలు నిద్ర పూర్తిచేసుకోవచ్చు. బేసి రాత్రులన్నీ కావాలంటే 2.45కి లేచి సహరీ దాకా ఇబాదత్ (ప్రార్థన) చేసుకోవడం మొత్తం రాత్రి కూర్చోవడం కంటే నయం.

మిడ్స్ ఉన్న రోజు రోజా వదలొచ్చా అని అడుగుతారు. అది ఇమాం సాబ్‌ని అడగాల్సిన మాట, సీనియర్లను కాదు.

శుక్రవారం: జుమా (శుక్రవారం మధ్యాహ్నం నమాజు) జమాత్ ఒక్కో మసీదులో ఒక్కో టైము. మీ లంచ్ విరామం ఎంతసేపో చూసుకుని, దానిలో ఇమిడే మసీదును ఇప్పుడే వెతికి పెట్టుకో.

అక్క_తెనాలి

అమ్మాయిల హాస్టల్ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి. రాత్రి ఔటింగ్ మనకు దాదాపు ఇవ్వరు, దానికోసం బతిమాలి టైము పోగొట్టుకోవద్దు. తరావీహ్ రూములోనే, లేదా పాత వార్డెన్ గారు చెప్పినట్టు టీవీ రూములో.

లెటర్‌లో ఒక వాక్యం తప్పనిసరిగా చేర్చండి: "రోజా లేని రోజు లంచ్, టిఫిన్ మామూలుగా ఇవ్వాలి." మెస్ వాళ్లు పేర్ల లిస్టు చూసి లంచ్ లెక్కలోంచి మిమ్మల్ని తీసేస్తారు. నెలసరి రోజుల్లో వెళితే "మీకు లేదు కదా" అంటారు, అందరి ముందు కారణం చెప్పుకోవాల్సి వస్తుంది. ఈ వాక్యం ఉంటే ఎవరూ ఏమీ అడగరు. ఆ రోజుల్లో మొహమాటానికి పస్తులుండి నీళ్లు కూడా తాగకుండా తిరగొద్దమ్మా, రోజా లేనప్పుడు ఆ ఆకలికి అర్థం లేదు. ఎన్ని పోయాయో డైరీలో తేదీలతో రాసుకోండి. ఖజా రోజాలకు (పోయినవాటికి బదులు తర్వాత ఉండేవాటికి) డిసెంబరు, జనవరి మంచివి, పగలు చిన్నది, దాహం తక్కువ.

ఇంటర్_తండ్రి_కడప

మా వాడు ఇంటర్ సెకండియర్, కార్పొరేట్ కాలేజీ క్యాంపస్. ఫోన్ లేదు, ఔటింగ్ లేదు, ఉదయం స్టడీ అవర్ 5.30కే. పబ్లిక్ పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే ఉంటాయేమో. ఇవన్నీ వాడికి ఎలా కుదురుతాయి?

పాత_వార్డెన్

ఇంటర్ క్యాంపస్‌లో పిల్లల లెటర్‌కి విలువ తక్కువ. మీరే వెళ్లాలి, ఫోన్‌లో కాదు. ముస్లిం పిల్లల తల్లిదండ్రులు ముగ్గురు నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌నీ ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్)నీ ఒకేసారి కలవండి, ఫ్లోర్ ఇన్‌చార్జి పేరు కనుక్కుని అతనితోనూ మాట్లాడండి. రాత్రి 4.20కి తలుపు తట్టేది చివరికి అతనే. ఫోన్ ఉండదు కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న అలారం గడియారం, మీ క్యాంపస్ ఉన్న ఊరి సహరీ, ఇఫ్తార్ కార్డు ఇచ్చి రండి. కడపది కాదు.

తరావీహ్ కోసం నైట్ స్టడీలో ముప్పావుగంట అడగండి, ఆ ముప్పావుగంట ఉదయం స్టడీ అవర్‌లో పూడ్చుకుంటామంటే ఒప్పుకుంటారు. సహరీకి లేచే పిల్లలు ఎలాగూ మిగతావాళ్లకంటే గంట ముందు కూర్చుంటారు. ఇంటర్ పరీక్షలు ఉదయం 9 నుంచి 12 వరకే కాబట్టి రోజా ఉన్నా ఒంట్లో శక్తి ఉన్న వేళలోనే అయిపోతాయి. అసలు చిక్కు పరీక్ష అయ్యాక. ఎండలో సెంటర్ నుంచి బస్సులో వచ్చి, మళ్లీ 2కి స్టడీలో కూర్చోబెడతారు. ఆ గంట పడుకోనివ్వమని ప్రత్యేకంగా అడగండి.

మెస్_కమిటీ_సీనియర్

ప్రిన్సిపాల్ కాపీ విషయంలో వార్డెన్ గారి మాటే వినండి, ఆ వరసే సరైనది.

ఇంకొకటి, పండక్కి టికెట్లు. ఫిబ్రవరి 9న మొదలైతే ఈద్ మార్చి 10 లేదా 11, అదీ ముందు రోజు రాత్రి నెలవంక చూశాకే తేలుతుంది. రెండు తేదీలనూ దృష్టిలో పెట్టుకుని మార్చి 8 రాత్రికో 9 ఉదయానికో బస్సు బుక్ చేసుకో, 10కి పెట్టుకుంటే పండగ రోడ్డు మీదే. సెలవు లెటర్‌లో కూడా "10 లేదా 11" అని రెండూ రాయి, ఒకటే రాస్తే రెండో రోజు ఆబ్సెంట్ పడుతుంది. రోజాతో ప్రయాణమైతే సాయంత్రం బస్సు ఎక్కొద్దు, ఇఫ్తార్ వేళకు డ్రైవర్ ఎక్కడా ఆపడు. ఎక్కాల్సి వస్తే ఖర్జూరం, నీళ్లు చేతి సంచిలో ఉంచుకో, డిక్కీలో పెట్టే బ్యాగులో కాదు.